కిఫాయత్ పేరు కాసిన పూట

సెనోవారా, ఆ గిన్నె అక్కడ పెట్టి ఇలా రా. ఇంకా దగ్గరికి. ఫ్యాను చప్పుడులో నా గొంతు సగం దారిలోనే పడిపోతుంది. మీ నాన్న మార్కెట్ నుంచి వచ్చేలోగా నీకొక సంగతి చెప్పేయాలి. ఆయన ఉండగా మొదలుపెడితే కంచంలో అన్నం వదిలి లేచిపోతాడు. ఇందులో మీ నాన్న ఇద్రిస్ ఉన్నాడు, నా మనవడు కిఫాయతుల్లా ఉన్నాడు, నేను ఉన్నాను. నువ్వు మాత్రం లేవు. నువ్వు పుట్టడానికి అప్పటికి ఇంకా రెండేళ్లుంది.

కిఫాయత్ నా కొడుకు దిల్ మొహమ్మద్‌కు ఒక్కగానొక్క బిడ్డ. తల్లి పురిట్లోనే పోతే నేనే పెంచాను. ఎడమకాలి వాటం మనిషి. చెప్పులు కూడా ముందు ఎడమదే తొడిగేవాడు. ఎన్నిసార్లు చెప్పినా వినేవాడు కాదు. వాడి గురించి చెప్పే ముందు మన సొంత నేల ఆరకాన్‌లో ఇంటి లెక్క ఎలా జరిగేదో నీకు చెప్పాలి. అది తెలియకపోతే తర్వాత మేము చేసింది నీకు పిచ్చిపనిలా కనిపిస్తుంది.

ఏడాదికొకసారి, వరికోతలయ్యాక, తుపాకుల వాళ్లు ఒక పెద్ద పుస్తకం పట్టుకుని మా ఊరు గోజన్‌ఫారాకు వచ్చేవాళ్లు. ఇంటిల్లిపాదీ వాకిట్లో వరసగా నిలబడాలి. పేరు చదివితే పలకాలి. పలకని పేరు మీద ఎర్రగీత పడేది. గీత పడిందంటే ఆ మనిషి ఇక ఆ ఊరివాడు కాదు, ఏ ఊరివాడూ కాదు. చేపలకు వెళ్లినా, మందు కోసం నది దాటినా, పొట్టకూటికి పడవెక్కినా వాళ్ల లెక్క ఒకటే. అందుకని మేము ఒకరి పేరు ఒకరం కాసేవాళ్లం, చేను కాసినట్టు. మనిషి ఊళ్లో లేని రోజున పక్కింటి మగవాడు వెనక కంచె దాటి వచ్చి మన వరసలో నిలబడి పలికేవాడు. పుస్తకంలో ఫొటోలు గోరంత ఉండేవి. గడ్డమున్న వాళ్లంతా పుస్తకం చదివే హవల్దారు కంటికి ఒక్కలాగే కనిపించేవాళ్లు. దాన్ని మేము పేరు కాయడం అనేవాళ్లం. అది అబద్ధమని మాలో ఎవరికీ ఏనాడూ తోచలేదు. ఆకలిగా వచ్చినవాడికి అన్నం పెట్టడం లాంటిదే అదీ.

నా కొడుకు పడవెక్కి వెళ్లిన ఏడాది వాడి పేరు కాసింది మీ తాత, ఇద్రిస్ తండ్రి. మరుసటి ఏడాది పడవ మునిగిందని కబురొచ్చింది. అయినా లెక్క నాటికి మీ తాత వచ్చి మా వరసలో నిలబడ్డాడు.

"పోయినోడికి ఎందుకు తమ్ముడూ" అన్నాను.

"ఉండనీ వదినా. సముద్రంలో గోరీ ఎటూ లేదు. ఊళ్లో గీత పడని పేరన్నా ఉండనీ."

ఊరు తగలబడే వరకూ, మొత్తం ఆరేళ్లు, మీ తాత నా కొడుకు పేరు కాశాడు. ఊరితో పాటు ఆయనా పోయాడు. నేనూ కిఫాయతూ నడిచి, పడవెక్కి, మళ్లీ అడవుల్లో నడిచి ఈ దేశం చేరాం. మాకు శరణార్థి కార్డులు దొరికాయి. మీ నాన్న ఆలస్యంగా వచ్చాడు. నేను చెప్పబోయే ఫుట్‌బాల్ కప్పు జరగడానికి నాలుగు నెలల ముందే పడవ దిగాడు, ఏ కార్డూ లేదు. ఇక్కడ కార్డు లేనివాణ్ణి కోసోంగ్ అంటారని నీకు తెలుసుగా. ఖాళీ. ఆటలో సున్నాకి కూడా అదే మాట. కుర్రాళ్లు వాడిని ఇద్రిస్ అని పిలవడం మానేసి కోసోంగ్ అనే పిలిచేవాళ్లు, వాడూ పలికేవాడు.

ఆ రోజుల్లో కిఫాయత్ పెద్ద రోడ్ల పక్కన మిషన్‌తో గడ్డి కోసేవాడు. సాయంత్రం వస్తే ఒళ్లంతా పచ్చి వాసన. స్నానం కూడా చేయకుండా బంతి చంకన పెట్టుకుని ఫ్లాట్ల వెనక ఖాళీ స్థలానికి పోయేవాడు. ఫోన్లు బాగుచేసే రోబీ ఆలం మా వాళ్లతో ఒక జట్టు కట్టాడు. జెర్సీలు ఉతకడం నా పని. మొదటిసారి ఉతికితేనే వీపు మీద అక్షరాలు సగం ఊడిపోయాయి. "దాదీ, నువ్వు మన జాతి పేరే కడిగేశావు" అని రోబీ ఆలం నెల రోజులు ఏడిపించాడు.

ఒకరోజు వాడే పరుగెత్తుకొచ్చాడు.

"దాదీ, కప్పు మన ఊరికే వస్తోంది."

"ఏ కప్పురా?"

"దేశాలున్నోళ్లకి వేరే కప్పుంది కదా. ఇది జెండా ఉండి, అది పాతుకోడానికి నేల లేనోళ్లది. కరెన్ వాళ్లొస్తారు, పాపువా వాళ్లొస్తారు, దక్షిణ దీవుల వాళ్లొస్తారు. మన పేరు బోర్డు మీద రాస్తారు. రోహింగ్యా అని. పూర్తిగా, అన్నక్షరాలూ."

మేము సముద్రం దాటి ఆటకు వెళ్తే తిరిగి రానివ్వరు కాబట్టి ఆ సారి తూర్పు జట్ల పోటీలు ఇక్కడే పెట్టారు. ఊరి చివర గోడ కట్టిన మైదానం ఒకటి అద్దెకు తీసుకున్నారు. మూడు రోజులు, జట్టుకు మూడు ఆటలు. అంతా చూసుకోవడానికి మారెత్ అనే ఆవిడ వచ్చింది. మంచు దేశంలో దుప్పుల మందలు మేపుకునే జాతి మనిషి. వాళ్ల నేల మీద నాలుగు దేశాల సరిహద్దు గీతలు ఉన్నాయట. నా చేతి రొట్టె తిని, అందులో ఏమేశానో రాసుకుంది. మంచి మనిషి. ఒక్క విషయంలోనే గట్టిది. జాబితాలో పేరున్నవాడే ఆడాలి. అంతకుముందు ఏదో జట్టు బయటి ఆటగాళ్లను తెచ్చి దింపిందని ఆవిడ భయం.

ఆ జాబితా కోసం గురువారం నాడు రోబీ ఆలం అందరి కార్డులూ పోగుచేసి తీసుకెళ్లాడు. శనివారం పొద్దున మైదానంలో తిరిగి ఇస్తారన్నాడు.

"రెండ్రోజులు కార్డు లేకుండా పనికెలా పోతావురా?" అన్నాను కిఫాయత్‌తో.

"రెండ్రోజులు నేనూ కోసోంగే దాదీ. వీడెలా బతుకుతున్నాడో నేనూ చూడాలిగా."

మీ నాన్న గోడకానుకుని కూర్చున్నాడు. "నాలా బతకాలంటే ముందు నీ వాగుడు తగ్గాలి. నీ గొంతు పోలీసుకి వీధి అవతల్నుంచే వినబడుద్ది."

"గోల్ కొట్టాక ఇంకా గట్టిగా అరుస్తా. నువ్వొచ్చి చెవులు మూసుకుని చూడు."

శనివారం పొద్దున కూడా యజమాని వాడికి సెలవు ఇవ్వలేదు. తొమ్మిదింటి వరకు గడ్డి కోసి, లారీ దిగి నేరుగా మైదానానికి వస్తానన్నాడు. ఆటగాళ్ల పేర్లు పిలిచేది పదింటికి. నేను బియ్యప్పిండి రొట్టెలు, గొడ్డుమాంసం కూర డబ్బాలకెత్తుకుని మీ నాన్నను తోడు తీసుకుని వెళ్లాను. గోడ మీద నిజంగానే మన పేరుంది. అక్షరాలు నాకు రావు గానీ ఆ వరసను జెర్సీల మీద చూసి చూసి గుర్తుపట్టాను. ముసలాళ్లు కొందరు దాని ముందు నిలబడి ఫొటోలు తీయించుకుంటున్నారు. ఒకాయన ఆ అక్షరాలను చేత్తో తడిమాడు.

పది అయింది. కిఫాయత్ రాలేదు. ఫోన్ చేస్తే మోగడం లేదు.

మారెత్ బల్ల ముందు కూర్చుని పేర్లు చదవడం మొదలుపెట్టింది. చదివిన వాడు ముందుకొచ్చి పలకాలి, అక్కడే ఫొటో తీసి మెడలో వేసుకునే చీటీ చేసి ఇస్తారు. నేను రోబీ ఆలం చొక్కా పట్టుకున్నాను.

"వాడు రాకపోతే ఏం చేస్తారు?"

"ఏముంది దాదీ. పలక్కపోతే పేరు కొట్టేస్తారు."

కొట్టేస్తారు. ఆ మాట వినగానే నేను ఈ ఊళ్లో లేను, సెనోవారా. గోజన్‌ఫారా వాకిట్లో ఉన్నాను. ఎదురుగా బల్ల, పుస్తకం, కలం, వరసలో మా పిల్లలు. మనవాడు వరసలో లేడు. ఏం చేయాలో నా బుర్రను అడగనక్కర్లేకపోయింది. నా చేయి దానంతటదే మీ నాన్న వీపు మీదికి పోయింది.

"కెఫాయ్ తుల్లా" అని చదివింది ఆవిడ.

"పలుకు" అన్నాను.

మీ నాన్న నా వైపు కూడా చూడలేదు. మా వాళ్లెవరికీ రెండోసారి చెప్పనక్కర్లేదు. రెండడుగులు వేసి, "ఉన్నాను" అన్నాడు. ఫొటో తీశారు, కార్డు మీది గోరంత ఫొటోతో పోల్చకుండానే కిఫాయత్ కార్డు రోబీ ఆలంకు తిరిగిచ్చారు. మా జట్టులో ఒక్కడైనా కనుబొమ్మ ఎగరేయలేదు.

వాడొచ్చాక చీటీ మార్చుకుంటారులే అనుకున్నాను. పదకొండింటికి కరెన్ వాళ్లతో ఆట మొదలైంది. వాడు రాలేదు. చీటీ ఉన్నవాడే దిగాలి కాబట్టి మీ నాన్నే దిగాడు, వేరేవాడి బూట్లలో గుడ్డలు కుక్కుకుని. కరెన్ వాళ్ల ముసలి కోచ్ నా పక్కనే కూర్చుని నా రొట్టెలు తింటూ, "మీవాడు బాతులా పరిగెడుతున్నాడు" అన్నాడు. ఆ బాతే గోల్ కొట్టింది. మూలనుంచి వచ్చిన బంతికి తల ఆనించాడు, అంతే. ఒకటి–కోసోంగ్. జనం లేచి నిలబడ్డారు. మైకులో ఆటగాడి పేరు చెప్పారు. అందరూ కిఫాయత్, కిఫాయత్ అని అరిచారు. నేను కూడా అరిచాను.

అదే సమయంలో మారెత్ ఫోన్ మోగింది. నేను కళ్లారా చూశాను. ఆవిడ ఒక చెవి మూసుకుని వింది. జాబితా మీద వేలు జరిపి ఒక చోట ఆపింది. తలెత్తి మైదానం వైపు, మీ నాన్న వైపు చూసింది. నవ్వుతూ ఏదో చెప్పి ఫోన్ పెట్టేసింది. నేను లేచి వెళ్లి ఆవిడకు వేడిగా ఇంకో రొట్టె పెట్టాను.

ఆట అయిపోయాక సుకిర్మాన్ వచ్చాడు. కిఫాయత్‌తో గడ్డి కోసే జావా మనిషి, పర్మిట్ ఉన్నవాడు. చెమటతో తడిసిపోయి ఉన్నాడు. తొమ్మిది దాటగానే దారిలో లారీని ఆపారట. కాగితాలున్న వాళ్లను కూడా ఇంతసేపు కూర్చోబెట్టి, అప్పుడే వదిలారట.

"కిఫాయత్ కార్డు ఫుట్‌బాల్ వాళ్ల దగ్గరుందని చెప్పాడు దాదీ. జేబులో ఆట కాగితం తీసి చూపించాడు, దాని మీద వాళ్ల ఫోన్ నంబరుంది. ఎంతో బతిమాలితే ఆఫీసరు ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నా. కిఫాయతుల్లా అనేవాడు మీ దగ్గర ఉన్నాడా అనడిగాడు. అవతల ఆడగొంతు. ఉన్నాడు, నా ఎదురుగానే ఆడుతున్నాడు, ఇప్పుడే గోల్ కూడా కొట్టాడు అంది. ఆఫీసరు పడీపడీ నవ్వాడు. నువ్వు గొప్పోడివిరా, ఇక్కడ బేడీలేసుకుని అక్కడ గోల్ కొట్టావు అన్నాడు."

"వాడేమన్నాడు?"

"అదే నాకర్థం కాలేదు. ముందు బిత్తరపోయాడు. కాసేపు నేల చూశాడు. తర్వాత వాడూ నవ్వాడు. అవును సార్, అబద్ధం చెప్పా, కిఫాయతుల్లా నా దోస్తు, నా పేరు దిల్ మొహమ్మద్, నాకు కార్డు లేదు, కోసోంగ్ అన్నాడు. ఎందుకలా అన్నాడు దాదీ? గట్టిగా నిలబడితే ఇంకోసారి ఫోన్ చేసేవాడేమో."

సుకిర్మాన్‌కు అర్థం కాలేదు. మా వాళ్లలో అక్కడ నిలబడ్డ ప్రతి ఒక్కడికీ అర్థమైంది. తన పేరును ఎవరో కాస్తున్నారని వాడికి ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది. కాస్తున్నది ఎవరో కూడా ఊహించి ఉంటాడు. నేనే నేనే అని గట్టిగా పట్టుబడితే జీపు మైదానానికి వస్తుంది, చీటీలు చూస్తారు, కార్డు లేని ఇద్రిస్ దొరుకుతాడు. అందుకని తన పేరు వదిలేసి, మేము అన్నేళ్లు గీత పడకుండా ఉంచిన తండ్రి పేరు ఎత్తుకున్నాడు.

మీ నాన్న మెడలో చీటీ తీయబోయాడు. "నేనెళ్లి ఆవిడకి చెప్పేస్తా."

"జట్టుని పోటీలోంచి తీసేస్తే తీసేయనీ" అన్నాడు రోబీ ఆలం, "గేటు దగ్గర పోలీసు జీపుంది. దాని ముందు నుంచే వెళ్లాలి."

"వెళ్తా. వాడు నాకోసం లోపల కూచున్నాడు."

నేను మీ నాన్న చొక్కా పట్టి లాగాను. "కూర్చో. ఒకడు లోపలుంటే చాలు."

"ఆ ఒకడు నీ మనవడు దాదీ."

"నా మనవడే. వాడు పేరు వదిలింది నువ్వు బయట ఉండాలనేగా. నువ్వెళ్లి దొరికితే వాడు వదిలిందంతా గాలికే పోతుంది. ఇప్పుడే చెప్పినా, ఈ చీటీవాడు మధ్యలో మాయమైనా పోలీసులు నీకోసం దిగుతారు. సోమవారంతో ఆటలైపోతాయి. అయ్యాక నువ్వు పామాయిల్ తోటల లారీ ఎక్కి దక్షిణానికి పో. మంగళవారం నేనే ఆవిడకి అంతా చెప్తా. కార్డు మన దగ్గరుంది, చూపించి తెచ్చుకుందాం."

అలా అన్నది నేనే. మూడు రోజులేగా అనుకున్నాను. మా ఊళ్లో ఒక్కో పేరును ఏళ్లతరబడి కాశాం, మూడు రోజులు నా మనవడు కాయలేడా అనుకున్నాను.

ఆదివారం ఓడిపోయాం. సోమవారం సమానంగా ముగిసింది. రెండు రోజులూ జనం కిఫాయత్ అని కేకలు వేశారు. అరిచినప్పుడల్లా నా తల గేటు వైపు తిరిగేది.

మంగళవారం పొద్దున్నే మారెత్ దగ్గరికి వెళ్లాం. రోబీ ఆలం చెబుతుంటే ఆవిడ కలం కింద పెట్టేసింది. "ఫోన్‌లో అడిగినప్పుడు నేను నిజమే చెప్పాననుకున్నాను" అంది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కార్డు తీసుకుని, ఉత్తరం రాసుకుని మాతో పాటే బయలుదేరింది. తీరా పోలీసు స్టేషన్‌కు వెళితే, సోమవారం మధ్యాహ్నమే కోసోంగ్ వాళ్లనందరినీ రెండు లారీల్లో ఉత్తరాన ఉన్న నిర్బంధ శిబిరానికి పంపేశామన్నారు.

శిబిరం గేటు దగ్గర కిటికీలో మనిషి రిజిస్టరు చూశాడు. "కిఫాయతుల్లా అనే పేరు ఇక్కడ లేదు."

"దిల్ మొహమ్మద్ ఉన్నాడా?" అన్నాడు రోబీ ఆలం.

"ఉన్నాడు. దిల్ మొహమ్మద్ కార్డు తెచ్చారా?"

"అతని అసలు పేరు కిఫాయతుల్లా అండి. కార్డు ఇదిగో."

"కిఫాయతుల్లా శనివారం ఊళ్లో ఫుట్‌బాల్ ఆడాడని ఇక్కడ రాసుంది. ఇతను శనివారం నుంచి మా చేతుల్లోనే ఉన్నాడు. ఒక్క మనిషి రెండు చోట్ల ఎలా ఉంటాడు?"

జరిగినదంతా చెప్పాం. మీ నాన్న పేరు మాత్రం చెప్పలేదు. రాసుకున్నారు. ఆ కాగితం పైకి పోయిందన్నారు. వేలిముద్రలు పోల్చి చూస్తే నిమిషంలో తేలుతుందని మారెత్ వాదించింది. పోల్చనిచ్చే తలుపేదీ తెరుచుకోలేదు. ఆవిడ వీసా గడువు అయిపోయి వెళ్లిపోయాక కూడా ఉత్తరాలు రాస్తూనే ఉంది. ఆట పుస్తకంలో ఆ పేరు మీద గీత గీయడం తన వల్ల కాలేదని ఒక ఉత్తరంలో రాసింది. ఇప్పటికీ అందులో అలాగే ఉందట, కిఫాయతుల్లా, మూడు ఆటలు, ఒక గోల్.

నన్ను లోపలికి ఒక్కసారీ పోనివ్వలేదు. నేను దిల్ మొహమ్మద్ తల్లినని చెబితే, వయసు లెక్కేసి, ఇరవై రెండేళ్ల వాడికి ఇంత ముసలి తల్లా అన్నారు. నిజంగా దిల్ మొహమ్మద్ తల్లినే నేను.

ఏడు నెలల తర్వాత అక్కడినుంచి విడుదలైన అబుల్ ఖాసెం అనే ఆయన మన ఫ్లాట్లకు వచ్చి నా కోసం వెతుక్కున్నాడు. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడే, నా మనవడు జబ్బుతో పోయాడని చెప్పాడు.

"తెల్లారగానే అక్కడా లెక్కే దాదీ. వరసగా గొంతుకూర్చోబెట్టి పేర్లు చదివేవాళ్లు. దిల్ మొహమ్మద్ అంటే ఉన్నానని పలికేవాడు. ఒకరోజు ఇది నీ పేరేనా అనడిగా. మా నాన్నదిలే చాచా, కాస్తున్నా అన్నాడు."

"జబ్బేం చేసింది?"

"ముందు గజ్జి పట్టింది, అందరికీ పట్టేదే. వాడికి పుళ్లై చీము పట్టాయి. తర్వాత జ్వరం. ఆఖరి రెండ్రోజులు పేరు చదివితే పలకలేకపోయాడు. వాడి తరఫున నేనే పలికా."

అక్కడి మసీదు వాళ్లు కడిగి, కఫను గుడ్డ చుట్టి, పాతిపెట్టారట. తల దగ్గర చెక్క మీద దిల్ మొహమ్మద్ అని రాశారట. సముద్రంలో పోయిన నా కొడుక్కి అలా ఒక గోరీ వచ్చింది.

శుక్రవారం మన మసీదులో శవం ఎదుట లేకుండానే చదివే జనాజా నమాజు పెట్టించాను. ఇమాం సాబ్ కిఫాయతుల్లా అని పేరు చెప్పగానే వెనక వరసల్లో గుసగుసలు మొదలయ్యాయని రోబీ ఆలం చెప్పాడు. "కిఫాయత్ పోవడమేంటి, కప్పులో గోల్ కొట్టిన కిఫాయతేగా, మొన్న కూడా టీ కొట్టు దగ్గర చూశాం" అన్నాడట ఒకాయన. మీ నాన్న ఆయన పక్కనే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు, తోటల నుంచి దీనికోసమే వచ్చి. ఆయన తల తిప్పి మీ నాన్న ముఖం చూసి, ఇదిగో, వీడేగా అన్నాడట. మీ నాన్న జవాబు చెప్పలేదు. నమాజు మధ్యలో మాట్లాడకూడదు కదా.

ఆ తర్వాత మీ నాన్నకూ కార్డు వచ్చింది, మీ అమ్మ వచ్చింది, నువ్వు వచ్చావు. బంతి మాత్రం మళ్లీ ముట్టుకోలేదు. పేరు కాయడం తప్పా అని నువ్వడుగుతావు. ఆ రోజు వాడి పేరును కొట్టేయనిచ్చి ఉంటే ఆ ఫోన్‌కు ఆవిడ ఏమని ఉండేదో పన్నెండేళ్లుగా నాలో నేనే చెప్పుకుంటున్నాను. లేడండీ, రాలేదు, కార్డు మాత్రం మా దగ్గరుంది అని ఉండేది. అంతే కదా. ఆ నాలుగు మాటలు చాలు.

నేను ఇంకెన్నాళ్లో ఉండను. మీ నాన్న ఎవరికీ చెప్పడు. ఇది నీ దగ్గర పెట్టుకో. పెద్దయ్యాక ఎవరైనా దగ్గర కూర్చుని వింటే చెప్పు. ఉత్తరాన ఆ చెక్క కింద ఉన్నది గోజన్‌ఫారా కిఫాయతుల్లా అని, ఎడమకాలి వాటం వాడని, కప్పులో ఒక్క ఆట కూడా ఆడలేదని చెప్పు. చెప్పేటప్పుడు నన్ను మంచి ముసలిదాన్ని చేసి తప్పించకు. ఇద్రిస్ వీపు మీద చేయి వేసి పలకమన్నది మా దాదీయే అని చెప్పు.